కరవుకు సాక్షి ఎవరు?

"మడమ ఎత్తు!"

రత్నకూట నగరపు తూర్పు ద్వారం వైభవం వర్ణించాలంటే ఆరు తాటాకులు చాలవు. ఆకాశాన్ని అంటే ఇత్తడి తలుపులు, తలుపుల మీద వేయి రేకుల పద్మాలు, ఆ పద్మాల నడుమ పగడపు కళ్ల హంసలు, పైన గోపురానికి ఎండలో ధగధగ మెరిసే పచ్చల తోరణం. ఇంతగా సింగారించిన గుమ్మం ముందు నిలబడి రాజభటులు చేస్తున్న ఘనకార్యం ఏమిటయ్యా అంటే, వచ్చిన ప్రతి మనిషి చేతా కాలు ఎత్తించి మడమ చూడటం. మడమ పగుళ్లలో ఎర్రమన్ను కనబడితే చాలు, ఈటె అడ్డం పెట్టి వెనక్కి నెట్టేస్తున్నారు.

మాచక్కవి మూడు రోజులు నడిచి వచ్చిన మడమలు. ఎర్రమిట్ట సీమ సగం వాటి పగుళ్లలోనే ఉంది.

"ఎర్రమిట్టదానివి. ఇవాళ మీవాళ్లకు ప్రవేశం లేదు, పో" అన్నాడు భటుడు.

"ఎవరు చెప్పినారు?"

"ఉల్కాజట మంత్రిగారి ఆజ్ఞ."

"మన్ను చూసి మనిషిని ఆపుతారా? పొద్దున నువ్వు తిన్న సంకటి ఏ మంట్లో పండిందో తెలుసునా నీకు?"

భటుడు పక్కవాడి వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వుకు మాచక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. భుజాన చుట్టగా వేసుకున్న చేదతాడును ఇంకా గట్టిగా పట్టుకుంది. బావులు తవ్వే ఇంట పుట్టిన మనిషి ఆమె. ఊరు దాటేటప్పుడు నగలు లేకపోయినా ఆ తాడు ఉండాలి.

ఆమె కోపం ఎందుకో తెలియాలంటే ఆ రాజ్యపు ఆచారం ఒకటి తెలియాలి. రత్నకూటంలో ధర్మశాస్త్రం కంటే పెద్దది పదకోశం. ఏ మాటకు ఏ అర్థమో అందులో ఉంటుంది, ఆ అర్థాన్ని బట్టే తీర్పు ఉంటుంది. ఒకే అక్షరాల జంట ఉన్న మాటలన్నీ ఒకే తాటికి గుచ్చుతారు. 'కర' తాటికి మకరం, మకరందం, కరవాలం, కరదీపిక, కరవు, ఇలా పద్ధెనిమిది ఆకులు. అర్థం చెప్పేది పండితులు కారు. ఆ వస్తువుతో బతికినవాళ్లు చెప్పాలి, పండితుడు రాయాలి, చెప్పినవాళ్లు ఆకు చివర బొటనవేలి ముద్ర వేయాలి. వాళ్లు ఆ మాటకు సాక్షులు. ఒకే తాటి మీది సాక్షుల వంశాలు ఒకరికొకరు తాటిచుట్టాలు. వాళ్ల కులమేదైనా, ఊరేదైనా, ఒకరి గడపలో ఒకరు అడుగు పెడితే కూడూ నీళ్లూ పెట్టి తీరాలి.

కరవు అనే మాటకు సాక్షి మాచక్క అవ్వ ఓబులమ్మ. ఆమె చెప్పిన అర్థం ప్రకారం కరవు వచ్చిందంటే, రాజు ఎర్రమిట్టలో ఉన్న ఏడు రాతిగాదెలు తెరిచి తీరాలి. మూడేళ్లుగా ఎర్రమిట్టలో చినుకు లేదు. గాదెలేమో తెరవలేదు. అడిగితే, "ఇది కరవు కాదు, కోశం చూసుకోండి" అన్నారు. చూస్తే ఏముంది! ఓబులమ్మ ఆకు మాయమై, దాని చోట కొత్త ఆకు వచ్చి కూర్చుంది. ఈ మధ్యాహ్నపు నగారా మోగేలోగా తాళ్లన్నీ సభలో చదివి లక్కముద్ర వేస్తారు. వేశాక పన్నెండేళ్ల వరకు ఒక్క అక్షరం కదలదు. ఎర్రమిట్ట జనం పన్నెండేళ్లు ఆగగలరా? పన్నెండు రోజులే కష్టం!

"చెల్లెమ్మా, వాళ్లతో నోరు నొప్పెట్టుకోకు. ఇటు రా" అని కోట కందకం వైపు నుంచి ఎవరో పిలిచారు.

చూస్తే ఒక చిన్న తెప్ప, దాని మీద గెడ పట్టుకుని ఒక బట్టతల మనిషి. "నా పేరు గంగులు. మా తాత మకరం మాటకు సాక్షి. నీ భుజాన చేదతాడు చూసి పోల్చుకున్నాను. నువ్వు మా ఓబులమ్మవ్వ మనవరాలివి కదూ? మన తాటిమనిషి గుమ్మంలో నిలబడితే నేను చూస్తూ ఊరుకుంటానేంటి?"

మాచక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు రోజుల తరువాత మంచిమాట విన్నది అప్పుడే. తెప్ప ఎక్కింది.

"అన్నా, మా అవ్వ ఆకు దొరికితే సభలో నిలబడి చూపిస్తా. దాన్ని కాల్చేసినారో ఏమో."

"కాల్చరు. రాసిన ఆకును కాలిస్తే కాల్చినవాడి చేతులు పడిపోతాయని శాపం ఉంది. ఆ జడల మంత్రికి తన చేతుల మీద మహా ప్రేమ. తీసేసిన ఆకును రాగిగొట్టంలో పెట్టి నీళ్లకు అప్పగించాలి, అదీ పద్ధతి. అప్పగించాడు. ఎలా అప్పగించాడో చూడు!"

గంగులు గెడ చూపించిన వైపు, తామరాకుల మధ్య ఒక్క కన్ను పైకి తేలింది. రెండో కన్ను ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. కన్ను వెనక ముళ్ల వీపు, మెడకు ఇనుపగొలుసు, గొలుసుకు వేలాడుతూ రాగిగొట్టం.

"మొసలి మెడలో కట్టినాడా? ఆకలన్న మాటను తీసుకెళ్లి మొసలి మెడలో కడతాడా! వీడు మనిషేనా?" అంది మాచక్క.

"మాటలకు వేళ లేదు, అదిగో వస్తోంది!"

మొసలి తెప్పను కింద నుంచి ఒక్క పోటు పొడిచింది. తెప్ప సగం నీళ్లలో మునిగి లేచింది. గెడ రెండు ముక్కలైంది. మాచక్క బోర్లా పడి తెప్ప అంచు పట్టుకుంది. ఆమె మోచేతికి జానెడు దూరంలో ఆ నోరు తెరుచుకుని టప్పున మూసుకుంది.

"మా తాత చెప్పిన అర్థం విను!" అని గంగులు విరిగిన గెడతో నీళ్లు కొడుతూ అరిచాడు. "మకరం: నోరు మూయడంలో ఏనుగంత, తెరవడంలో పసిబిడ్డంత బలం గలది. మూసినప్పుడు పట్టుకున్నవాడు బతుకుతాడు, తెరిచినప్పుడు చూసినవాడు చెప్పడానికి ఉండడు. అర్థమైందా?"

మాచక్కకు అర్థమైంది. బావిలో జారిపోయిన బిందెను ముప్పై బారల లోతు నుంచి ఉచ్చు వేసి తీసే చేతులు అవి. తాడు కొసన ముడి వేసింది, ఆగింది. నోరు మళ్లీ తెరుచుకుంది. ఆమె ఊపిరి బిగపట్టింది. నోరు మూసుకున్న మరుక్షణం ఉచ్చు విసిరి లాగింది. తాడు మూతి చుట్టూ బిగిసింది. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. కందకాన్ని ఏలే ఆ మహామకరం మూతికి తాడు కట్టించుకున్న దూడలా తల విదిలించడం తప్ప ఏమీ చేయలేకపోయింది. గంగులు దాని మెడ గొలుసు నుంచి గొట్టం లాగాడు. మాచక్క తాడు కొస వదిలేసి, "నా తాడు దానికే పోయింది" అని నిట్టూర్చింది.

గొట్టంలో పచ్చగా పాలిపోయిన తాటాకు. చివర ఓబులమ్మ బొటనవేలి ముద్ర. ఆ వేలి మీద గునపం తగిలి పడిన మచ్చ కూడా ముద్రలో కనిపిస్తోంది. మాచక్క దాన్ని కళ్లకు అద్దుకుంది.

కందకం అవతలి గట్టున కోట నీటిగుమ్మం, గుమ్మం పక్క తేనె గురవమ్మ ఇల్లు. మకరందం మాటకు సాక్షి ఆమె వంశమే. గురవమ్మ ఇద్దరినీ లోపలికి లాగి, ముందు రెండు గిన్నెల్లో గంజి పోసి, తరువాతే మాట్లాడింది. "సభ గుమ్మం దగ్గర కూడా మడమలు చూస్తున్నారు బిడ్డా. కూర్చో, కాళ్లిటు చాపు."

ఆమె వెచ్చటి మైనం ముద్ద తీసి మాచక్క మడమల పగుళ్లన్నీ పూడ్చింది. పైన పసుపు రాసింది. జరీ అంచు చీర కట్టించి, తలనిండా పూలు పెట్టి, చేతికి తేనెకుండ ఇచ్చింది. రాగిగొట్టం తేనెలో మునిగింది. "లక్కముద్ర నాడు మా ఇంటి నుంచి తేనె రావాలి. నువ్వు నా కోడలివి. మూగదానివి. అర్థమైందా?"

"మూగదాన్నా? నా వల్ల అవుతుందా పిన్నమ్మా?"

"ప్రయత్నించు. సభలో మన తాడు చదివేదాకా నోరు కుట్టుకో."

పదకోశ మందిరంలోకి అడుగుపెట్టినవాడు ఒక్క క్షణం రెప్ప వేయడం మరిచిపోతాడు. నూట ఎనిమిది చందనపు స్తంభాలు, స్తంభానికి స్తంభానికి మధ్య రంగురంగుల తాళ్లకు వేలాడే వేల వేల ఆకులు. గాలి వీస్తే చాలు, భాష మొత్తం గలగలమంటుంది. నడుమ ముత్యాల గొడుగు కింద మణిధ్వజ మహారాజు బంగారు పళ్లెంలో ద్రాక్షలు తింటూ కూర్చున్నాడు. ఆయన పక్కన ఉల్కాజటుడు. వాడి జడలు నిప్పుకణికల్లా ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఆకాశం నుంచి రాలిన ఇనుముతో చేసిన గంటం. ఆ గంటంతో ఏది రాస్తే అది సగం జరుగుతుంది. సాక్షి వేలు పడితే మిగతా సగమూ జరుగుతుంది. ఏడు గాదెల ధాన్యాన్ని హోమగుండంలో పోసి వెయ్యేళ్ల ఆయువు సంపాదించాలని వాడి ఆశ. అందుకే కరవును కోశంలోంచి తరిమేశాడు.

ముసలి పాఠకుడు 'కర' తాడు అందుకుని చదవసాగాడు.

"కరదీపిక: పట్టుకున్నవాడి కంటే వెనక నడిచేవాడికి ఎక్కువ వెలుగిచ్చేది."

"మా మాటే" అన్నాడు దివిటీలు పట్టే వంశపు సాక్షి.

"కరవాలం: మొలలో ఉన్నప్పుడు ఇనుము బరువు, చేతిలోకి వచ్చాక మనిషి బరువు."

"మా మాటే" అన్నాడు కమ్మరి.

"మకరందం: పూవులో ఉన్నంతసేపు తీపి, కుండలోకి వచ్చాక తగువు."

"మా మాటే" అంది గురవమ్మ.

నడినెత్తిన సూర్యుడు. పైకప్పు గవాక్షం నుంచి ఎండ తిన్నగా మాచక్క కాళ్ల మీద పడుతోంది. మైనం మెత్తబడింది. పసుపు కింద నుంచి సన్నగా ఎర్ర గీతలు బయటపడ్డాయి. ఉల్కాజటుడి చూపు ఆ గీతల మీద పడి ఆగింది.

"కరవు: ప్రజలు సోమరితనం చేత పని మాని, రాజును నిందించడానికి చెప్పే సాకు."

మూగకోడలు తేనెకుండను నేలకు కొట్టింది.

"ఇది మా మాట కాదు!"

ఆ అరుపుకు వేల ఆకులు గలగలలాడాయి. మాచక్క తేనె కారుతున్న గొట్టం పైకెత్తింది. "నేను ఓబులమ్మ మనవరాలిని. మా మాట ఇదిగో, నాకు చదువు రాదు కానీ నోటికి వచ్చు! కరవు: చేద వేస్తే తాడు చాలదు. తాడు ముడేసి దించితే నీళ్లు చాలవు. నీళ్లు తెస్తే కుండలో వేసేందుకు గింజ చాలదు. వచ్చిన చుట్టాన్ని చూసి తలుపేసుకుని, లోపల కూర్చుని ఏడ్చే కాలం కరవు. ఇదీ మా అవ్వ చెప్పింది! సోమరితనమా? మా సీమలో ఈ మూడేళ్లలో నూటపది బావులు తవ్వినాము. తవ్వుతా తవ్వుతా మా నాయన బావిలోనే పోయినాడు. ఆయన సోమరా? చెప్పండి, ఆయన సోమరా?"



"దొంగతనంగా ప్రవేశించిన ఆడది!" అని ఉల్కాజటుడు లేచి, ఒక ఖాళీ ఆకు తీసి గంటంతో బరబరా రాశాడు. "మాచక్క: బండరాయి!"

మాచక్క పాదాలు చల్లబడ్డాయి. కదపబోతే కదలలేదు. వేళ్ల దగ్గర మొదలైన నల్లరాయి చీలమండలు దాటి మోకాళ్ల దాకా పాకి అక్కడ ఆగింది. తక్కిన సగానికి సాక్షి కావాలి. ఉల్కాజటుడు ఆకును మహారాజు ముందు పెట్టి, లక్కనీళ్ల గిన్నె జరిపాడు. "ప్రభూ, ఎప్పటిలాగే ఇక్కడ వేలు."

మణిధ్వజుడు ద్రాక్ష నములుతూనే అలవాటుగా బొటనవేలు గిన్నెలో ముంచాడు.

ఎప్పటిలాగే! ఆ మాట పట్టుకుంది మాచక్క. "పాఠకుడు తాతా, ఆ దొంగ ఆకుకు సాక్షి ఎవరో చదవలేదే! చదువు!"

ముసలివాడు ఆకు తిప్పాడు. చివర ఉన్నది చదివాడు. "కరవుకు సాక్షి... మణిధ్వజ మహారాజు."

సాక్షుల వరుసలో ఉన్న గంగులు ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు. మాచక్క మాత్రం నవ్వలేదు.

"మహారాజా! కరవుకు సాక్షి మీరా? కమ్మరి కొలిమిలో చెయ్యి కాల్చుకుని సాక్షి అయినాడు. ఈ గంగులన్న తాత మొసలికి కాలు ఇచ్చి సాక్షి అయినాడు. మీరు ఒక్క పూట, ఒకే ఒక్క పూట పస్తున్నారా? చదవకుండా వేలు వేసినారు. మీ వేలి కింద ఏడు ఊర్లుండాయి. మా అక్క బిడ్డకు పాలు లేక చక్కెరనీళ్లు కూడా లేక జొన్న పొట్టు ఉడకబెట్టి పోస్తాంది. ఇప్పుడు నన్ను రాయి చేయాలంటే చేయండి. ఈసారైనా చదివి వేయండి!"

రాజు బొటనవేలు ఆకుకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఎర్రటి లక్కనీటి చుక్క ఒకటి రాలి పీట మీద పడింది. ఆయన మొదటిసారి ఆకును దగ్గరకు తీసుకుని చదివాడు. తరువాత కరవు ఆకు తెప్పించుకుని అదీ చదివాడు. రెండుసార్లు చదివాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"దీని మీద ఉన్నది నా వేలే" అన్నాడు మెల్లగా. "వసంతోత్సవం నాడు భోజనాల మధ్య వేయించుకున్నావు కదూ, ఉల్కాజటా?"

"ప్రభూ, పాలకులు ప్రతిదీ చదవాలా?"

"ఎవరైనా అడ్డుచెబితే ఆ మాట సాక్షికి పరీక్ష ఉంది" అని గంగులు గొంతెత్తాడు. "మా తాటి పద్ధతి! ఏమంటారు?"

"ఉంది! ఉంది!" అని కమ్మరి, గురవమ్మ, దివిటీవాడు, 'కర' తాటి మీది చుట్టాలంతా లేచి నిలబడ్డారు.

పాఠకుడు చేతులు జోడించి నియమం చెప్పాడు. సాక్షి ఆ మాటను బతికి చూపాలి. పరివారం లేకుండా, వాహనం లేకుండా, ఇంటి తిండి లేకుండా వెళ్లాలి. అడ్డుచెప్పిన మనిషి కళ్ల ముందే చూపాలి. అంతవరకు తాటికి ముద్ర పడదు.

ఉల్కాజటుడికి ఇక ముసుగు అనవసరమైంది. వికటంగా నవ్వి, రాజు నడుముకున్న ఏడుగాదెల బంగారు తాళంచెవి ఒక్క గుంజు గుంజాడు. జడలు రెక్కలయ్యాయి, గోళ్లు వంకర తిరిగాయి. ఎర్రటి గద్ద ఒకటి తాళంచెవి ఒక కాలితో, గంటం ఇంకో కాలితో పట్టుకుని గవాక్షం నుంచి దూసుకుపోయింది. "మూడో నాటి సాయంత్రానికి గాదెల ముందు హోమం రగులుతుంది! ఈ గంటం విరిగేదాకా దాని కాళ్లు రాళ్లే!" అన్న కేక మాత్రం పైనుంచి వినిపించింది. విలుకాళ్లు వేసిన బాణాలు ఆకాశంలో సగం దూరం వెళ్లి తిరిగి వచ్చాయి.

"ఎర్రమిట్టకు మూడు రోజుల దారి" అంది మాచక్క. పళ్లు కొరుకుతోంది. ఏడుపు ఆపుకోవడానికి, కోపానికి, రెండింటికీ. "దారి నాకే తెలుసు. కాళ్లేమో ఇట్లయినాయి."

మణిధ్వజుడు కిరీటం తీసి ద్రాక్షపళ్లెంలో పెట్టాడు. పాదరక్షలు విడిచాడు. పల్లకీవాళ్లు ముందుకు వస్తే చేత్తో వారించాడు. మాచక్క ముందు వీపు తిప్పి కూర్చుని, "ఎక్కు తల్లీ" అన్నాడు. గంగులు, కమ్మరి పట్టి ఆమెను ఆయన వీపుకు ఎత్తారు. రాజు లేవబోయి తూలాడు. నిలదొక్కుకుని మళ్లీ లేచాడు.

"అబ్బా, ఎంత బరువు!"

"నా బరువు కాదు మహారాజా. మీ మంత్రిగారు రాసిన రాయి బరువు."

తూర్పు ద్వారం దగ్గర మడమలు చూసే భటుడు ఈటె వదిలేసి నేల మీద సాగిలపడ్డాడు. మధ్యాహ్నపు నగారా మోగింది. రోజూ ఆ వేళకు నలభై రకాలతో రాజభోజనం వడ్డిస్తారు. కోట దాటి వంద అడుగులు నడిచాడో లేదో, మణిధ్వజుడు ఆగి ఉత్తరీయంతో చెమట తుడుచుకున్నాడు. ముందు దారంతా ఎండకు కాలి ఎర్రగా ఉంది. దూరాన ఆకాశంలో గద్ద చుక్కంత అయింది.

"మాచక్కా, నాకు ఆకలేస్తోంది. కరవంటే ఇదేనా?"

మాచక్క ఆయన భుజం మీదుగా ఆ చుక్క వైపు చూస్తూ చెప్పింది. "కాదు మహారాజా. ఇది మీ భోజనం ఒక గడియ ఆలస్యమైంది, అంతే. నడవండి."